లిమ్మరికమ్మకి కొట్టిన కాయ

పందొమ్మిదివందల అరవై ఎనిమిదో సంవత్సరం ఫిబ్రవరి నెలలో, ఒక గురువారం పగలు రెండు గంటల వేళ, ఐర్లండు దేశంలోని లిమరిక్ పట్నంలో సూరాడ గంగరాజు ఒక రాయికి కొబ్బరికాయ కొట్టాడు. కాయ ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది. కుళ్ళలేదు, వంకరగా పగల్లేదు. నీళ్ళు రాతి మెట్ల మీదుగా తిన్నగా కిందికి జారాయి. కొట్టే ముందు రాయికి పసుపు రాశాడు, కుంకం బొట్టు పెట్టాడు, బూట్లు విప్పి వానలో మూడుసార్లు చుట్టూ తిరిగాడు. అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. ఒక్కటే చిన్న లోపం. అది దేవత కాదు.

గంగరాజుది వంశధార సముద్రంలో కలిసే చోట, ఉత్తరపు గట్టున, ఇసక మీద నలభై గడపల పేట. అవతలి గట్టున కళింగపట్నం దీపస్తంభం కనిపిస్తూ ఉంటుంది. అతని తాతా తండ్రీ తెప్పల మీదే బతికి, తెప్పల మీదే ముసలివాళ్ళయ్యారు. గంగరాజు మాత్రం ఇరవయ్యో ఏట విశాఖపట్నం పోయి ఓడలో కలాసీగా కుదిరాడు. కలాసీ అంటే తాళ్ళు లాగడం, తుప్పు గీకడం, గీకిన చోట రంగు వెయ్యడం, ఆ రంగు మీద మళ్ళీ తుప్పు పట్టేదాకా ఆగడం. ఓడ లేని నెలల్లో ఇంటికొచ్చి అన్నదమ్ములతో వలకి వెళ్ళేవాడు.

అతనిలో ఒక విచిత్రమైన గుణం ఉండేది. వల లాగి వచ్చాక ఎన్ని పడ్డాయని అడిగితే, ఎన్ని పడితే అన్నే చెప్పేవాడు. చేప పొడుగెంత అని అడిగితే చేతులు ఆ పొడుగే చాచేవాడు. వల పట్టేవాళ్ళలో ఇలాంటి మనిషి ఎక్కడోగాని పుట్టడు. పేటలో మగవాళ్ళు ఇతని పక్కన కూర్చుని కబుర్లు చెప్పడానికి కొంచెం జంకేవాళ్ళు కూడా. ఈ మనిషి జన్మలో ఆడింది ఒకే ఒక్క అబద్ధం. దాని గురించే ఈ కథంతా.

ఆ పేటలో ఒక ఆచారం ఉంది. పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా, తట్ట నెత్తినెట్టుకుని చేపలమ్మడానికెళ్ళినా, కొత్త ఊరైతే ముందు ఆ ఊరి అమ్మవారికి కాయ కొట్టి, నీ పొలిమేరలోకి వచ్చాం, చల్లగా చూడు తల్లీ అని చెప్పుకోవాలి. చెప్పకుండా అడుగుపెట్టిన మనిషి క్షేమంగా తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. గంగరాజు అంతకుముందు రంగూను, సింగపూరు వెళ్ళాడు గాని, అక్కడ మనవాళ్ళ గుళ్ళే ఉన్నాయి కనక చిక్కు రాలేదు. ఈసారి ఓడ తెల్లవాళ్ళ సీమకి పోతోందని తెలిసినప్పుడు అతని భార్య దేముడమ్మ ఒక కాయ ఏరి, పీచు ఒలిచి, పిలక ఉంచి, పసుపు కుంకాల పొట్లంతో సహా తువ్వాల్లో కట్టి చేతికిచ్చింది.

"మావా, ఆ నేల మీద కాలెట్టగానే ముందు ఈ కాయ. తరవాతే టీయైనా నీల్లైనా," అంది.

"అక్కడ అమ్మోరు ఉన్నాదో నేదో," అన్నాడు గంగరాజు.

"అమ్మ నేని ఊరుంటాదేటి? ఊరన్నాక ఎవులో ఒకలు కాస్తారు కదా. అడుగు. నోరు నేదేటి నీకు?"

ఓడలో సరుకు వేరుశనగ చెక్క, బస్తాలకి బస్తాలు. అక్కడి ఆవులకి మేత. సూయజ్ కాలవ మూసేసి ఉన్న రోజులవి. అందుకని ఆఫ్రికా ఖండాన్నంతా చుట్టి వెళ్ళాల్సి వచ్చింది. రెండు నెలల పైచిలుకు ప్రయాణం. ఆ రెండు నెలలూ కాయ గంగరాజు తలగడ కింద ఉంది. మెడ పట్టేసేది గాని తియ్యలేదు. ఓడలో వంట చేసేవాడు జగన్నాధం అని, పూసపాటిరేగ వైపు మనిషి. అతని కన్నంతా ఆ కాయ మీదే.

"ఒరే గంగరాజూ, ఒక్క చెక్క ఇవ్వరా, పచ్చడి సేసెడతాను. ఈ కూరలు తిని నాలిక సచ్చిపోయినాది," అని వారానికోసారి అడిగేవాడు.

"అది మొక్కు కాయిరా," అనేవాడు గంగరాజు. అక్కడితో ఆ సంభాషణ ముగిసేది, మళ్ళీ వారం దాకా.

లిమరిక్ రేవుకి ఓడ పోటు మీద చేరింది. సముద్రానికి ఎక్కడో యాభై అరవై మైళ్ళు లోపల ఉన్న ఊరు అది. అంత లోపలికీ పోటూ పాటూ ఉన్నాయి, మన వంశధార మొగకి ఉన్నట్టే. గంగరాజుకి ఆ ఊరి మీద అభిమానం అప్పుడే పుట్టింది. గట్టు మీద తాళ్ళు అందుకున్న మనిషిని ఈ ఏటి పేరేమిటని అడిగాడు. షానన్ అన్నాడతను. గంగరాజుకి శానా అని వినపడింది. నీళ్ళ వంక తిరిగి చూసి, నిజమే, శానా ఉన్నాది అని ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా దిగి తిరగడానికి సెలవిచ్చారు. గంగరాజు కాయని కోటు లోపల పెట్టుకుని, జగన్నాధంతో కలిసి బయలుదేరాడు. సన్నగా వాన. ఆ ఊళ్ళో దాన్ని వాన కింద లెక్కెయ్యరట, మామూలు పగలు కిందే లెక్కట. వీధుల్లో ఎర్ర ఇటికల మేడలు వరసగా, అన్నీ ఒకే అచ్చు. తలుపులు మాత్రం ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. దూరం నుంచి ఎవరి పడవ ఏదో పోల్చుకోవడానికి మనం రంగులు వేసినట్టే వేసుకున్నారని గంగరాజుకి తోచింది. ఎదురైన ప్రతి మనిషీ పలకరించి వాన గురించి ఒక మాట అని వెళ్ళేవాడు. మొదట్లో గంగరాజు ఎవరినో అంటున్నారనుకుని వెనక్కి తిరిగి చూశాడు. తలకి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు చంటిపిల్లల తోపుడుబళ్ళలో పిల్లనీ బంగాళాదుంపలనీ కలిపి తోసుకుపోతున్నారు. ఒక వీధి మలుపులో గుప్పున వాసన కొట్టింది. పందిమాంసం ఉప్పు పెట్టే కార్ఖానాలట. జగన్నాధం ముక్కు మూసుకున్నాడు గాని, గంగరాజు ఉప్పుచేపల వాసనలో పుట్టినవాడు కనక తప్పు పట్టలేదు.

పెద్ద చర్చి గోపురం కింద నిలబడి గంటలు విన్నాడు. బయటినుంచే దణ్ణం పెట్టాడు. తరవాత ఏటి పక్కనే కోట వచ్చింది. విజయనగరం కోట చూసిన కళ్ళతో చూశాడు. గుండ్రటి బురుజులు, ఎత్తయిన గోడలు, అంతా బాగానే ఉంది. సందులోంచి లోపలికి చూస్తే మామూలు జనం కాపురాలున్నారు. రాజుగారి కోటలో ఎవరివో పసిపిల్లల చొక్కాలు దండెం మీద వేలాడుతున్నాయి. వాన పడుతూనే ఉంది, అయినా ఆరేశారు.

జగన్నాధం పొగాకు కొనడానికి ఒక కొట్లోకి దూరాడు. గంగరాజు వంతెన దాటుతానన్నాడు. ఏడు కమానుల రాతి వంతెన. కింద తెల్లటి హంసలు బాతుల్లా తిరుగుతున్నాయి. వంతెన అవతలి చివర, ఏటి ముఖంగా, కోటకి ఎదురుగా, ఆ రాయి ఉంది.

న్యాయంగా చూస్తే గంగరాజుని తప్పు పట్టడానికి లేదు. ఉలి పెట్టి చెక్కని మొరటు రాయి. పైన గుంటలు గుంటలుగా అరిగిపోయి ఉంది. దాన్ని నేల మీద వదిలెయ్యకుండా మెట్లు కట్టి, గద్దె కట్టి, మనిషెత్తున నిలిపారు. కప్పు లేదు. ఊరి చివర, వంతెన దగ్గర, నీళ్ళని చూస్తూ ఉంది. ఊరమ్మ కాకపోతే మరెవరు? అప్పటికీ అతను తొందరపడలేదు. కాసేపు నిలబడ్డాడు. ఒక ముసలావిడ నల్ల శాలువా కప్పుకుని అటుగా వచ్చి, సరిగ్గా ఆ రాయి దగ్గరకు రాగానే నుదుటినీ గుండెనీ భుజాలనీ వేళ్ళతో తాకి దణ్ణం పెట్టుకుని ముందుకి సాగింది. ఆవిడ పెట్టింది రోడ్డు పక్కనున్న చర్చికి. గంగరాజు చర్చిని చూడలేదు. అతని చూపంతా రాయి మీదే ఉంది.

అలా కాయ కొట్టాడు.

కళ్ళు తెరిచేసరికి డజను మంది చేరారు. ముసలావిడ వెనక్కి వచ్చింది. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయనా, సైకిలు మీద పాల క్యాను పట్టుకుపోతున్న మనిషీ, అందరి వెనకా ఒక పోలీసూ. గంగరాజు ప్రసాదం పంచకుండా ఊరుకునే మనిషి కాడు. ఓడ చాకుతో కొబ్బరి ముక్కలు కోసి ఒక్కొక్కరి చేతిలో పెట్టాడు. పోలీసు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, గంగరాజు ముఖం చూసి, నోట్లో వేసుకున్నాడు. ముసలావిడ చేతిరుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.

టోపీ పెద్దాయన రాయిని చూపించి ఏదో చెప్పడం మొదలెట్టాడు. గంగరాజుకి ఓడ ఇంగ్లీషు తప్ప వేరే ఇంగ్లీషు రాదు. పెద్దాయన మాటల్లో ట్రీటీ అని వినపడింది, అది అర్థం కాలేదు. బ్రోకెన్ అని వినపడింది, అది బాగా తెలిసిన మాట.

"ట్రీటీ బ్రోకెన్," అన్నాడు పెద్దాయన చాలా విచారంగా.

"యెస్ సార్, బ్రోకెన్," అన్నాడు గంగరాజు చాలా సంతోషంగా. "వన్ టైమ్ బ్రోకెన్! వెరీ గుడ్ బ్రోకెన్!"

పెద్దాయన కాసేపు అతన్నే చూసి, తలమీద టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

అప్పటికి జగన్నాధం వచ్చి, జనాన్ని తోసుకుని, తనకి వచ్చిన కాస్త మెరుగైన ఇంగ్లీషుతో పెద్దాయన చెప్పిందంతా విని, గంగరాజు చెయ్యి పట్టుకుని వంతెన మీదికి లాక్కొచ్చాడు. సగం వంతెన దాటాక ఆగాడు.

"ఒరే, అది అమ్మోరు కాదురా."

"మరేటి?"

"రాయి. ఒట్టి రాయి. మూడొందలేల్ల కిందట కోట సుట్టూ సైన్నం దిగిపోయినాదట. లోపలోల్లు ఇంక తాళనేక ఒప్పందానికి వచ్చినారట. మీ దేవున్నీ మీ బూముల్నీ మీకే ఒగ్గేస్తాం అని అవతలోల్లు కాయితం రాసి, ఆ రాయినే బల్లలాగ ఏసుకుని సంతకాలెట్టినారట. ఆ తరవాత ఆ మాట తప్పేసినారట. మరిసిపోకూడదని ఈ ఊరోల్లు ఆ రాయిని అలాగ ఎత్తున ఎట్టుకున్నారు. మాటిచ్చి తప్పిన రాయిరా అది. నువ్వేమో దానికి బొట్టెట్టి, బాగా పగిలింది సార్ అంతన్నావు."

గంగరాజు చెవులు రెండూ వేడెక్కిపోయాయి. వెనక్కి తిరిగి చూశాడు. ఆ డజను మందీ ఇంకా అక్కడే ఉన్నారు. ఒక్కరూ నవ్వడం లేదు. నవ్వి ఉంటే ఎంతో బాగుండేది. పాల క్యాను మనిషి చెయ్యెత్తి ఊపాడు కూడా.

"పచ్చడికిమ్మంటే ఇచ్చినావు కావు," అన్నాడు జగన్నాధం.

మే నెలలో గంగరాజు ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగి, బస్సులు మారి, ఇసకలో నడిచి ఇంటికొచ్చేసరికి పేటలో ఆడవాళ్ళంతా వాకిట్లో ఉన్నారు. దేముడమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చింది. నీళ్ళిస్తూనే అడిగింది.

"ఏ అమ్మకి కొట్టినావు? పేరేటి?"

దారిపొడుగునా ఈ ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకున్నాడతను. అమ్మోరు కాదే, పొరపాటున రాయికి కొట్టేశాను, అని చెప్పేద్దామనుకున్నాడు. తీరా తల ఎత్తితే ఎదురుగా పాతిక మంది ఆడవాళ్ళు. అందరిలోకీ పెద్దది గున్నమ్మ, పేటలో సగం మందికి బొడ్డు కోసిన మనిషి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటోంది. మొక్కు కాయ తప్పుచోట పగిలిందని తెలిస్తే ఆ రాత్రి నుంచీ దేముడమ్మకి నిద్ర ఉండదు, మళ్ళీ ఓడెక్కనివ్వదు. అవన్నీ తరవాత ఆలోచించుకున్న కారణాలు. ఆ క్షణాన మాత్రం సిగ్గే మాట్లాడింది.

"లిమ్మరికమ్మ," అన్నాడు.

ఆడవాళ్ళు ఆ పేరు ఒకసారి నోట్లో తిప్పుకుని చూశారు. బాగానే పలికింది.

"ఏ మొకంగా ఉన్నాది?" గున్నమ్మ అడిగింది.

"ఏటి మొకంగా."

"గుడి కట్టినారా?"

"నేదు. గద్దె మీద, కప్పు నేకుండా."

"మన పోలమ్మ లాగే," అంది దాలమ్మ. దాలమ్మది పక్కిల్లు. "పెసాదం తిన్నారా ఆ ఊరోల్లు?"

"తిన్నారు. పోలీసు కూడా తిన్నాడు."

ఒక్క పేరు తప్ప చెప్పినవన్నీ నిజాలే. అబద్ధాలాడ్డం అలవాటున్నవాడైతే ఇక్కడ మరో నాలుగు కలిపి, ఎవరూ నమ్మకుండా చేసుకునేవాడు. గంగరాజు చెప్పిన తీరు చూసి అందరూ నమ్మేశారు. చేపల లెక్క తప్పని మనిషి దేవతల లెక్క తప్పుతాడా?

ఆ వారంలోనే దేముడమ్మ ఒక పని చేసింది. మా ఆయన్ని చల్లగా పంపించిన తల్లికి నేనొక కాయైనా కొట్టుకోనా, అంత దూరం నేను పోగలనా, అని సముద్రపు ఒడ్డుకి వెళ్ళింది. వెనకటి రోజుల్లో కళింగపట్నం రేవుకొచ్చే ఓడలు బరువు కోసం వేసుకొచ్చి ఒడ్డున పారబోసిన రాళ్ళు అక్కడక్కడా ఇసకలో కూరుకుపోయి ఉన్నాయి. వాటిలో గద్దెకి తగిన దాన్ని ఒకటి తవ్వి, మరిదుల చేత లాగించి, ఏటి ముఖంగా నిలబెట్టించింది. పసుపు రాసింది. కాయ కొట్టింది. మర్నాడు పేట పడవలన్నిటికీ కవళ్ళ చేపలు విరగబడ్డాయి. అదీ మొదలు.

ఆ పైన బుల్లమ్మ తప్పిపోయిన గేదె దానంతటదే వచ్చింది. ఎవరికో జ్వరం తగ్గింది. ఇంకెవరికో అల్లుడు ఉత్తరం రాశాడు. పోలమ్మ ఊళ్ళో పెద్దది, పెద్ద మొక్కులు ఆవిడవి. లిమ్మరికమ్మ కొత్తగా వచ్చింది, చిన్న చిన్న పనులు చేసి పెడుతుంది అన్నారు. వానాకాలం వెళ్ళేసరికి పక్క పేటలవాళ్ళు కూడా రావడం మొదలెట్టారు. వాళ్ళంతా గంగరాజుని వేలెత్తి చూపించుకునేవాళ్ళు. ఆ తల్లిని కళ్ళారా చూసిన మనిషి.

గంగరాజు కష్టం ఎవరికి చెప్పుకునేది? పడవ దగ్గరికి పోవాలంటే ఆ రాయి పక్కనుంచే దగ్గర దారి. అతను సరుగుడు తోపు చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఎవరైనా ఆ పేరు ఎత్తితే కాలి బొటనవేలు చూసుకునేవాడు. ఇంట్లో ప్రసాదం పెడితే ఇప్పుడొద్దనేవాడు. అలా ఎనిమిది నెలలూ ఇప్పుడొద్దే. ఆ బిడియాన్ని జనం భక్తి అనుకున్నారు. "సూడండి, తల్లి పేరెత్తితే తలొంచేస్తాడు," అని మెచ్చుకున్నారు. ఒక్కోసారి వల లాగుతూ ఉండగా, టోపీ తీసి పట్టుకున్న ఆ పెద్దాయన ముఖం జ్ఞాపకం వచ్చేది. వెంటనే తాడు జారేది.

మాఘమాసంలో లిమ్మరికమ్మకి సంబరం చెయ్యాలని పేట పెద్దలు నిర్ణయించారు. డప్పులు, ఘటాలు, అన్నీ. మొదటి ఘటం దేముడమ్మదే. తెచ్చినవాడి పెళ్ళాం కదా. అప్పుడు దేముడమ్మ తన మొక్కు బయటపెట్టింది. వాళ్ళమ్మ పోతూ పోతూ తన కాళ్ళకి తొడిగి పోయిన వెండి కడియాలు కరిగించి, అమ్మకి కళ్ళు చేయిస్తానంది. వెండి కళ్ళు పెడితే రాయి నిన్ను చూస్తుంది. చూసే తల్లి వేరు, చూడని తల్లి వేరు.

ఆ కడియాలు దేముడమ్మ కాళ్ళని వదిలి ఒక్కరోజు ఉండడం గంగరాజు ఎరగడు. చేపల తట్టతో వస్తుంటే మనిషి కన్నా ముందు వాటి చప్పుడే ఇంటికొచ్చేది. కరిగితే మళ్ళీ రావు. చెప్పాలి. సంబరం వారం ఉంది, నరసన్నపేట కంసాలి దగ్గరికి ప్రయాణం రేపే.

పోలాకి దాకా నడిచి, అక్కడ బస్సెక్కారు. కడియాలు దేముడమ్మ ఒళ్ళో గుడ్డలో ఉన్నాయి. ఆవిడ కాళ్ళు బోసిగా ఉన్నాయి.

"ఓలె, నీకో మాట సెప్పాల," అన్నాడు గంగరాజు.

"సెప్పు."

"గాలి సల్లగా ఉన్నాది కదా."

కొంత దూరం పోయాక మళ్ళీ మొదలెట్టాడు. ఈసారి వరి కోతల గురించి చెప్పాడు. మూడోసారి నోరు తెరిచేసరికి నరసన్నపేట వచ్చేసింది.

కంసాలి నిప్పులకుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. కడియాలు చేతిలో ఎగరేసి చూసి, పాత వెండి, మంచి వెండి అన్నాడు. వెండి కరిగించే మూస పక్కకి జరుపుకున్నాడు. "కళ్ళు ఏపాటి సైజమ్మా? మొకం కొలతేటి?"

దేముడమ్మ మొగుడి వైపు తిరిగింది. "నానేటి సూసినానా? నువ్వు కదా సూసినావు. సెప్పు మావా, అమ్మ కళ్ళు ఎంతుంటాయి?"

"అమ్మకి కళ్ళు నేవు," అన్నాడు గంగరాజు.

"రాయికి కళ్ళుండవని తెల్సులే. అందుకే కదా సేయిస్తన్నాం. ఎంతవి ఎట్టాల?"

"కళ్ళు కాదే. అమ్మే నేదు."

కంసాలి పట్టకారు కింద పెట్టాడు.

అక్కడే, ఆ కొట్టు గడప మీద కూర్చుని, గంగరాజు అంతా చెప్పేశాడు. వంతెన, రాయి, ముసలావిడ దణ్ణం, బూట్లు విప్పడం, బ్రోకెన్, టోపీ, జగన్నాధం. నేల వంక చూస్తూ చెప్పాడు. మాట తప్పిన రాయి అన్న ముక్క రెండుసార్లు అనాల్సి వచ్చింది. అయిపోయాక దేముడమ్మ కడియాలు గుడ్డలో కట్టుకుని లేచింది. బజారంతా అతనికి పది బారల ముందు నడిచింది. బస్సులో ఆడవాళ్ళ వైపు కూర్చుంది. ఇసక దారిలో, పేట కనిపించే చోట ఆగింది.

"ఆ రెండు నెల్లూ కాయ ఎక్కడెట్టుకున్నావు?"

"తలగడ కింద."

కొంచెం నడిచాక ఆవిడ మళ్ళీ ఆగింది. "ఇన్నాళ్ళూ నన్ను ఆ రాయి సుట్టూ తిప్పినావు. పసుపు కొన్నాను, కోడిని కోసినాను, పక్క పేటల్లో నా మొగుడు తెచ్చిన తల్లని సెప్పుకున్నాను. నాకు సెప్పినావు, సరే. ఆళ్ళకెవులు సెప్తారు? నువ్వే సెప్పు. ఇప్పుడే."

రాయి దగ్గర ఆడవాళ్ళు సంబరానికి గద్దె అలుకుతున్నారు. గున్నమ్మ చెంబుతో పసుపు నీళ్ళు కలుపుతోంది. గంగరాజు వెళ్ళి నిలబడ్డాడు. ఎనిమిది నెలల తరవాత ఆ రాయికి అంత దగ్గరగా రావడం అదే. అంతా మళ్ళీ చెప్పాడు. ఈసారి గున్నమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వినాల్సినంత మెల్లగా చెప్పాడు. తిడతారనుకున్నాడు. చీపురుతో కొడతారని కూడా అనుకున్నాడు, దానికి కొంత సిద్ధపడే వచ్చాడు.

గున్నమ్మ చెవి దగ్గర చెయ్యి తీసింది. "ఒరే, ఆ ముసిల్ది కాయముక్క ఏటి సేసినాదన్నావు?"

"రుమాల్లో సుట్టి సంచిలో ఎట్టుకున్నాది అత్తా."

"పారెయ్యనేదు కదా?"

"నేదు."

"ఆ పోలీసోడు తిన్నాడా?"

"తిన్నాడు."

"జోళ్ళతో తిన్నాడా, ఇప్పేసి తిన్నాడా?"

"జోళ్ళతోనే."

"పోన్లే, ఆడికి తెల్దు. మరింక నీ బాదేటి?"

"అది అమ్మోరు కాదత్తా! అది మాటిచ్చి తప్పిన రాయి. నానే అబద్దమాడినాను."

"ఆ రాయి గొడవ ఆ ఊరోల్లు సూసుకుంటారు," అంది గున్నమ్మ. "ఈ రాయి నిన్నడిగి రానేదు. ఇది ఓడ మీద ఎప్పుడొచ్చినాదో నువ్వెరుగుదువా? మీ తాత పుట్టకముందే వచ్చి ఇసకలో కూకున్నాది. నువ్వు పేరొక్కటే తెచ్చినావు. పేరు బాగానే ఉన్నాది. తప్పుకో, పసుపు నీళ్ళు మీద పడతాయి."

"బుల్లమ్మ గేదె ఊరికే వచ్చినాదేటి మరి?" అని ఎవరో వెనకనుంచి అన్నారు. అందరూ మళ్ళీ అలకడంలో పడ్డారు.

గంగరాజు కాసేపు నిలబడి, ఎవరూ తనని చూడటం లేదని తెలిసి, సరుగుడు తోపు దారిన ఇంటికి పోయాడు. దగ్గర దారి పక్కనే ఉంది. అయినా చుట్టే తిరిగాడు.

దేముడమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు కడియాలు కాళ్ళకి తొడుక్కుంది. సంబరం నాడు మొదటి ఘటం ఎత్తడానికి నెత్తిన చుట్టకుదురు పెట్టుకుంటూ ఉంటే గంగరాజు నెమ్మదిగా అడిగాడు, అన్నీ తెలిసి కూడా ఎందుకు ఎత్తుతున్నావని.

"మొక్కుకున్నది నాను. నువ్వు తిరిగొచ్చినావు. ఘటం ఎత్తుతాను," అంది. "కళ్ళు మాత్రం ఎట్టను. నీ మొకం సూడక్కర్నేదు ఆ తల్లి."

డప్పులు మోగాయి. దేముడమ్మ నడుస్తుంటే డప్పుల మధ్య కడియాల చప్పుడు వినిపించింది. గంగరాజు జనం వెనకాల, బాగా వెనకాల, చేతులు కట్టుకుని నడిచాడు. ఆ సాయంత్రం ప్రసాదం ఇస్తే మొదటిసారి తిన్నాడు. ముక్క నోట్లో వేసుకునే ముందు, ఆ పోలీసు చేసినట్టే, అటూ ఇటూ తిప్పి చూశాడు.

సంబరమైన నాలుగో రోజున పక్కింటి దాలమ్మ కొంగు దోపుకుని వాకిట్లోకి వచ్చి నిలబడింది. గంగరాజు వల బాగుచేసుకుంటున్నాడు. దాలమ్మ మొగుడు సోములు, సంబరం నాడు అందరి ఎదటా లిమ్మరికమ్మ మీద చెయ్యేసి, ఇంక కల్లు ముట్టనని ఒట్టు పెట్టిన మనిషి.

"ఓరి గంగరాజూ! ఏటిరా మీ లిమ్మరికమ్మ? ఆ రాయి మీద సెయ్యేసి ఒట్టెట్టినాడు మా మావ, నాలుగు దినాలు కానేదు, మల్లీ తాగొచ్చి పడిపోయినాడు. కోడినిచ్చినాను, సీర ఎట్టినాను, ఒక్క మాట నిలబెట్టనేకపోయినాదేటిరా మీ తల్లి?"

గంగరాజు వల కన్నం మీంచి తల ఎత్తకుండానే అన్నాడు:

"మాట తప్పిన రాయని ముందే సెప్పినాను గదప్పా."